బరువు తగ్గిన కొద్దీ పెరిగిన రికార్డులు

విమానాల కంపెనీ అనగానే బోయింగ్, ఎయిర్‌బస్ పేర్లు గుర్తొస్తాయి. వేలమంది ఇంజనీర్లు, ఊరంత కర్మాగారాలు, వేల కోట్ల ఆర్డర్లు కళ్ల ముందు మెదులుతాయి. కానీ పూర్తిగా కరెంటుతో ఎగిరే విమానానికి ప్రపంచంలో మొట్టమొదటి టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనా ఎగరడానికి సురక్షితమని ఇచ్చే ధ్రువపత్రం) సంపాదించింది ఆ రెండు కంపెనీలూ కావు. యూరప్‌లో 21 లక్షల జనాభా ఉన్న స్లొవేనియా దేశంలో, ఐదోవ్‌ష్చినా అనే చిన్న పట్టణంలో పుట్టిన పిపిస్ట్రెల్ ఆ ఘనత దక్కించుకుంది.

ఇద్దరు కూర్చునే అల్ట్రాలైట్ విమానాలు చేసే సంస్థ ఇంత దూరం ఎలా వచ్చింది? దాని రికార్డులను వరసగా చూస్తే జవాబు దొరుకుతుంది. ప్రతి గ్రాముకూ లెక్క చెప్పుకునే క్రమశిక్షణే ఆ విజయాలన్నిటికీ మూలం.

చీకటి పడే వేళ ఎగిరిన గబ్బిలాలు

1980ల యుగోస్లావియాలో సొంతంగా ఎగిరే యంత్రం తయారు చేసుకుని గాల్లోకి లేవడానికి చట్టం ఒప్పుకునేది కాదు. కంపెనీ స్థాపకుడు ఇవో బోస్కరోల్, ఆయన మిత్రులు మాత్రం ఆగలేదు. హ్యాంగ్ గ్లైడర్ రెక్క కింద మూడు చక్రాల బండి, దానికో ఇంజను తగిలించి, పొద్దుగుంకే వేళ ఐదోవ్‌ష్చినా మైదానం మీద చక్కర్లు కొట్టేవారు. మసక వెలుతురులో ఆ ముక్కోణపు రెక్కలు ఊరివాళ్లకు గబ్బిలాల్లా కనిపించాయి. పిపిస్ట్రెల్ అంటే గబ్బిలమే; కంపెనీకి ఆ పేరే నిలిచిపోయింది. దాని గుర్తు మీదా గబ్బిలమే ఉంటుంది.

1989లో సంస్థను అధికారికంగా నమోదు చేశారు. అప్పటి యుగోస్లావియాలో విమానాలు తయారు చేసే మొట్టమొదటి ప్రైవేటు కంపెనీ ఇదే. మరో రెండేళ్లకు, 1991లో, స్లొవేనియా స్వతంత్ర దేశమైంది. అంటే ఈ కంపెనీ వయసు దాని దేశం వయసు కంటే ఎక్కువ!

పీపాలు చేసే ఇంటి నుంచి తొలి విమానం

ఆ ప్రాంతానికి ఎగిరే పిచ్చి కొత్తది కాదు. ఐదోవ్‌ష్చినాకు దగ్గర్లోనే, ఇప్పుడు ఇటలీ వైపున్న గొరిజియా పట్టణంలో, చెక్క పీపాలు చేసే ఇంట ఎడ్వర్డ్ రుస్యాన్ అనే యువకుడుండేవాడు. అన్న యోసిప్‌తో కలిసి సొంతంగా విమానం కట్టుకుని, 1909 నవంబర్ 25న గాల్లోకి లేచాడు. ఆ మొదటి ఎగురుడు 60 మీటర్ల దూరమే. 1911 జనవరిలో బెల్‌గ్రేడ్‌లో బలమైన గాలికి రెక్క విరిగి, నిండా పాతికేళ్లు రాకుండానే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. స్లొవేనియా విమానయాన చరిత్ర ఆ కుర్రవాడి పేరుతోనే మొదలవుతుంది. తర్వాతి కాలంలో పిపిస్ట్రెల్ తన రెండో కర్మాగారాన్ని అదే గొరిజియా విమానాశ్రయం దగ్గర కట్టింది.

అర కిలో దాకా లెక్క

అల్ట్రాలైట్‌ను తక్కిన విమానాల నుంచి వేరుచేసేది బరువే. అమెరికా 1982లో చేసిన నియమం ప్రకారం ఒక సీటు ఉండాలి, ఖాళీ బరువు సుమారు 115 కిలోలు దాటకూడదు, ఇంధనం 19 లీటర్ల లోపే ఉండాలి. ఈ హద్దుల్లో ఉంటే పైలట్ లైసెన్సు కూడా అక్కర్లేదు.

యూరప్‌లో చాలాకాలం నడిచిన హద్దు మరింత విచిత్రంగా ఉండేది. ఇద్దరు మనుషులు, ఇంధనం, సామాను అన్నీ కలిపి 450 కిలోలు. విమానం మొత్తాన్నీ కాపాడే పారాచూట్ బిగిస్తే దానికోసం మరో 5 శాతం. వెరసి 472.5 కిలోలు! విమానాల చట్టంలో అర కిలో కనిపించడం అరుదు. ఇద్దరు లావుపాటి మనుషులు ఎక్కితేనే 180 కిలోలు అయిపోతాయి. మిగిలిన దాంట్లోనే రెక్కలు, ఇంజను, చక్రాలు, పెట్రోలు, పారాచూట్ అన్నీ సర్దాలి. రంగు మరో పూత వేయాలన్నా, సీటుకు కాస్త మెత్తటి దిండు పెట్టాలన్నా ఆలోచించాల్సిందే. తర్వాతి కాలంలో యూరప్ దేశాలు ఈ హద్దును 600 కిలోల దాకా పెంచుకునే వీలు వచ్చింది. కానీ ఆ ఇరుకులో నేర్చిన పాఠాలు మాత్రం చేతుల్లో మిగిలిపోయాయి.

ఇంజను ఆపినా పాతిక కిలోమీటర్లు

హ్యాంగ్ గ్లైడర్ల నుంచి అసలు విమానాలకు మారిన పిపిస్ట్రెల్ 1990ల మధ్యలో సైనస్ అనే విమానం తయారు చేసింది. దాని రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 15 మీటర్లు. ఫైబర్, రెజిన్ కలిపి పోతపోసిన కాంపోజిట్ శరీరం. పైన ఇంజను ఆపేస్తే గ్లైడర్‌లా జారుతూ పోతుంది. కిలోమీటరు ఎత్తులో ఇంజను ఆగినా, గాలి ప్రశాంతంగా ఉంటే 25 కిలోమీటర్లకు పైగా వెళ్లి దిగగలదు.

తర్వాత అదే ఒంటికి రెక్కలు కురచ చేసి, వేగం పెంచి వైరస్ తయారు చేశారు. నున్నటి శరీరం, సన్నటి పొడుగు రెక్కలు, తక్కువ బరువు ఉంటే తక్కువ శక్తితోనే ఎక్కువ దూరం పోవచ్చు. ఆ సంగతి వాళ్లకు పెట్రోలు రోజుల్లోనే తెలిసింది. తర్వాత బ్యాటరీల రోజుల్లో పనికొచ్చిన పెట్టుబడి అదే.

విమానం మొత్తానికీ పారాచూట్

ప్రమాదం వస్తే పైలట్ ఒక పిడి లాగుతాడు. చిన్న రాకెట్ పేలి పారాచూట్‌ను బయటికి లాక్కుపోతుంది. విమానం మనుషులతో సహా గొడుగు కింద వేలాడుతూ నేలకు దిగుతుంది. పిపిస్ట్రెల్ విమానాల్లో కనిపించే ఈ ఏర్పాటు పుట్టింది అల్ట్రాలైట్ల ప్రపంచంలోనే. అమెరికాలో హ్యాంగ్ గ్లైడర్ విరిగి సరస్సులో పడి బతికి బయటపడ్డ బోరిస్ పొపోవ్, 1980లో మిన్నెసోటాలో ఇందుకోసమే ఒక కంపెనీ పెట్టారు. 1998లో సిర్రస్ కంపెనీ తన నాలుగు సీట్ల విమానంలో ఇదే పద్ధతిని అమర్చి సర్టిఫికెట్ పొందింది. చిన్న విమానాల కోసం కనిపెట్టిన రక్షణ అలా పెద్దవాటికి చేరింది. జర్మనీలో అల్ట్రాలైట్లకు ఈ పారాచూట్ తప్పనిసరి.

నాసా పోటీల్లో మూడు గెలుపులు

తక్కువ ఇంధనంతో, తక్కువ చప్పుడుతో, భద్రంగా ఎగిరే చిన్న విమానాల కోసం నాసా డబ్బుతో కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో పోటీలు జరిగాయి. 2007లో వైరస్ గెలిచింది. 2008లో మళ్లీ వైరసే గెలిచింది.

2011లో పోటీ కఠినమైంది. 322 కిలోమీటర్లు రెండు గంటల లోపు వెళ్లాలి. తలా ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్ల పెట్రోలుకు సమానమైన శక్తి మించకూడదు. పిపిస్ట్రెల్ దీనికి ఎవరూ ఊహించని దారి పట్టింది. టారస్ అనే తన రెండు సీట్ల గ్లైడర్లను రెండింటిని పక్కపక్కన పెట్టి, నడుమ ఒక రెక్కతో కలిపి, మధ్యలో 145 కిలోవాట్ల కరెంటు మోటారు బిగించింది. రెండు శరీరాలు, నాలుగు సీట్లు, ఒకే ప్రొపెల్లర్. టారస్ జీ4 అనే ఆ విమానం ప్రపంచంలో నాలుగు సీట్లతో ఎగిరిన తొలి ఎలక్ట్రిక్ విమానం.

ఫలితం చూసినవాళ్లు నిర్ఘాంతపోయారు. ఒక్కో ప్రయాణికుడి లెక్కన గ్యాలన్‌కు 403.5 మైళ్లు! మన లెక్కలో చెప్పాలంటే, ఒక లీటరు పెట్రోలులో ఉండే శక్తితో ఒక మనిషి సుమారు 170 కిలోమీటర్లు, అదీ గంటకు 160 కిలోమీటర్లకు పైబడిన వేగంతో. 13.5 లక్షల డాలర్ల మొదటి బహుమతి ఆ జట్టుకే దక్కింది. రెండో స్థానంలో నిలిచిన జర్మనీ విమానం కూడా కరెంటుదే.

ఒక్కడే, భూగోళం చుట్టూ

స్లొవేనియా పైలట్ మతేవ్జ్ లెనార్చిచ్ 2004లో సైనస్ విమానంలో ఒంటరిగా భూమిని చుట్టి వచ్చారు. 2012లో మరింత పెద్ద సాహసానికి దిగారు. ఈసారి వైరస్ విమానం. ఖాళీ బరువు 300 కిలోల లోపే. జనవరిలో బయలుదేరి ఏప్రిల్‌లో ఇంటికి చేరేసరికి ఏడు ఖండాలనూ తాకారు, భూమి చుట్టుకొలతకు రెండింతలకు పైగా దూరం ఎగిరారు. దారిలో ఎవరెస్టు శిఖరం పక్కనుంచీ వెళ్లారు.

ఈ ప్రయాణం రికార్డు కోసమే కాదు. విమానంలో గాలిలోని నల్ల మసిని కొలిచే పరికరం ఉంది. డీజిలు, కట్టెలు, పంట చెత్త సరిగా మండనప్పుడు ఆ మసి పుడుతుంది. మహాసముద్రాల మీద, మంచు ప్రాంతాల మీద అది ఎంతుందో కొలిచిన వివరాలు తక్కువ. ఎక్కడో మండిన మసి ఎంత దూరం ప్రయాణిస్తుందో తెలుసుకోవడానికి ఒక చిన్న విమానం, ఒక్క మనిషి సాయపడ్డారు.

మన దేశానికి 194 గరుడలు

వైరస్ విమానాలకు పెద్ద చిరునామా భారతదేశం. 2015లో మన రక్షణ శాఖ 194 విమానాలకు పిపిస్ట్రెల్‌తో ఒప్పందం చేసుకుంది. వైమానిక దళానికి 72, నౌకాదళానికి 12, ఎన్‌సీసీకి 110. వాటి ఇంజను 80 హార్స్‌పవర్ రోటాక్స్. ఈ విమానానికి మన దగ్గర పెట్టుకున్న పేరు గరుడ. ఒక చిన్న కంపెనీ దశను మార్చే ఆర్డరు అది.

ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో ఉన్న విద్యార్థులకు గాల్లో మొదటి అనుభవం ఇచ్చేవి ఇలాంటి మైక్రోలైట్లే (అల్ట్రాలైట్లకు మరో పేరు). పక్కన శిక్షకుడు కూర్చుని ఉండగా, కాలేజీ పిల్లలు మొదటిసారి కంట్రోలు పట్టుకునేది వీటిలోనే. తెలుగు రాష్ట్రాల నుంచి ఎయిర్‌వింగ్‌లో చేరిన పిల్లలకూ స్లొవేనియాలోని ఆ ఊరికీ మధ్య అలా ఒక బంధం ఏర్పడింది.

ఛానెల్ దాటే పందెం

1909లో లూయీ బ్లెరియో దాటిన ఇంగ్లిష్ ఛానెల్‌ను కరెంటు విమానంలో దాటాలని 2015 జూలైలో ముగ్గురు సిద్ధమయ్యారు. పిపిస్ట్రెల్ విమానం ముందుగా ఎగరాల్సింది. ఆఖరి ఘడియలో, మోటారు ఇచ్చిన సంస్థ నీటి మీద ఎగరడానికి ఒప్పుకోలేదు. ప్రయాణం ఆగిపోయింది. జూలై 9న ఫ్రాన్స్ పైలట్ యూగ్ దువాల్ క్రిక్రి అనే బుల్లి విమానంతో ఛానెల్ దాటారు. అయితే దాన్ని మరో విమానం పైకి మోసుకెళ్లి గాల్లో వదిలింది. మర్నాడు ఎయిర్‌బస్ తన ఈ-ఫ్యాన్‌ను నేల మీద నుంచే లేపి అవతలి ఒడ్డున దింపింది.

ఆ పందెంలో పిపిస్ట్రెల్ పేరు లేదు. కానీ ఎయిర్‌బస్ ఈ-ఫ్యాన్ అమ్మకానికి రాకుండానే ఆగిపోయింది. ఐదోవ్‌ష్చినాలో మాత్రం పని ఆగలేదు.

మూడు లీటర్ల పెట్రోలు పాటి బ్యాటరీ

2020 మే నెలలో పిపిస్ట్రెల్ తయారు చేసిన మోటారుకు యూరప్ విమానయాన భద్రతా సంస్థ సర్టిఫికెట్ వచ్చింది. విమానాల కోసం సర్టిఫికెట్ పొందిన తొలి ఎలక్ట్రిక్ మోటారు అదే. జూన్ 10న వెలిస్ ఎలక్ట్రో విమానానికీ వచ్చింది. పరీక్షలు మొదలై మూడేళ్లు తిరగకుండానే పని పూర్తయింది.

ఈ విమానం విలువ తెలియాలంటే ఒక లెక్క చూడాలి. కిలో పెట్రోలులో సుమారు 12 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. కిలో బరువున్న విమాన బ్యాటరీలో ఇందులో ఏ 60వ వంతో, 80వ వంతో మాత్రమే ఉంటుంది. వెలిస్‌లో రెండు బ్యాటరీలు కలిపి 24.8 కిలోవాట్ అవర్లు. అంటే మూడు లీటర్ల పెట్రోలులో దాగి ఉన్న శక్తి కంటే తక్కువే! దానితోనే ఈ విమానం ఇద్దరిని మోసుకుని 50 నిమిషాల దాకా ఎగురుతుంది, పైగా అత్యవసరం కోసం కొంత మిగుల్చుకుంటుంది.

ఇది రెండు కారణాల వల్ల సాధ్యమైంది. పెట్రోలు ఇంజను తనకిచ్చిన శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా వదిలేస్తుంది, కరెంటు మోటారు దాదాపు 90 శాతాన్ని పనిగా మారుస్తుంది. ఇంకొకటి, అల్ట్రాలైట్ల రోజుల నుంచి వచ్చిన నున్నటి, తేలికైన శరీరం. బ్యాటరీలతో సహా దీని ఖాళీ బరువు 428 కిలోలు, మొత్తం హద్దు 600. ఇద్దరు మనుషులకు మిగిలేది 172 కిలోలు. బరువైన విమానాన్ని ముందు కట్టి తర్వాత బ్యాటరీ పెట్టి ఉంటే ఈ లెక్క కుదిరేదే కాదు.

మరో విశేషం, దీని చప్పుడు సుమారు 60 డెసిబెల్స్. ఇద్దరు మాట్లాడుకునే మాటల స్థాయి. విమాన శిక్షణ పాఠశాలల చుట్టుపక్కల ఉండేవాళ్లకు, రోజంతా ఒకే చోట చక్కర్లు కొట్టే విమానాల హోరు ఎంత నరకమో తెలుసు. 2021లో డెన్మార్క్ వైమానిక దళం ఈ విమానాలను అద్దెకు తీసుకుని పరీక్షించింది.

సరస్సులో ముగిసిన ప్రయాణం

కొత్త దారిలో గతుకులూ ఉంటాయి. నార్వే 2018లో పిపిస్ట్రెల్ ఆల్ఫా ఎలక్ట్రో విమానాన్ని రాజధాని విమానాశ్రయంలో గొప్పగా ప్రదర్శించింది. దేశ రవాణా మంత్రి స్వయంగా ఎక్కారు. 2019 ఆగస్టులో అదే విమానం అరెండల్ దగ్గర శక్తి కోల్పోయి సరస్సులో దిగింది. లోపల ఉన్న ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. ఆ విమానం సర్టిఫికెట్ లేని పాత రకం. ఏడాది తిరగకుండా వచ్చిన వెలిస్‌లో బ్యాటరీలను, మోటారును ద్రవంతో చల్లబరిచే పద్ధతి పెట్టారు. విడివిడిగా ఉన్న రెండు బ్యాటరీల్లో ఒకటి చెడిపోయినా రెండోది విమానాన్ని నేలకు చేర్చేలా ఏర్పాటు చేశారు. సర్టిఫికెట్ అంటే కాగితం కాదు, ఇలాంటి ప్రతి ప్రశ్నకూ రుజువుతో చెప్పిన జవాబు.

హైడ్రోజన్ తాగే జంట విమానం

2011లో గెలిచిన జంట శరీరాల విమానం నమూనానే జర్మనీ పరిశోధకులు ఎంచుకుని, హైడ్రోజన్ నుంచి కరెంటు పుట్టించే ఫ్యూయెల్ సెల్‌ను ముఖ్య శక్తి వనరుగా పెట్టారు. హెచ్‌వై4 అనే ఆ విమానం 2016 సెప్టెంబర్ 29న స్టుట్‌గార్ట్‌లో ఎగిరింది. నాలుగు సీట్లతో హైడ్రోజన్ ఫ్యూయెల్ సెల్ మీద ఎగిరిన తొలి విమానం ఇదే. 2023లో స్లొవేనియాలోని మారిబోర్‌లో, గడ్డకట్టించే చలిలో ద్రవంగా మార్చిన హైడ్రోజన్‌తో మూడు గంటలకు పైగా ఎగిరి మరో ప్రపంచ రికార్డు నెలకొల్పింది.

ఇతర చిన్న కర్మాగారాల ఘనతలు

• రెండు ఇంజన్లతో, మనిషిని మోస్తూ ఎగిరే అతి చిన్న విమానం ఫ్రాన్స్‌కు చెందిన క్రిక్రి. పొడవు 3.9 మీటర్లు, రెక్కలు 4.9 మీటర్లు, ఖాళీ బరువు సుమారు 78 కిలోలు. మిషెల్ కొలోంబాన్ రూపొందించిన ఈ విమానం 1973లో మొదటిసారి ఎగిరింది.

• అమెరికాలో జాన్ మూడీ 1975లో, గడ్డకట్టిన సరస్సు మీద, తన హ్యాంగ్ గ్లైడర్‌కు చిన్న ఇంజను కట్టుకుని కాళ్లతో పరిగెత్తి గాల్లోకి లేచారు. 1976 ఓష్‌కోష్ విమాన ప్రదర్శనలో ఆ యంత్రాన్ని చూసినవాళ్లంతా అలాంటిదే కావాలన్నారు. ఆధునిక అల్ట్రాలైట్ల ప్రస్థానం అక్కడ మొదలైంది.

• ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో ఒక చిన్న సంస్థ తయారు చేసిన షాడో అనే మైక్రోలైట్‌లో ఈవ్ జాక్సన్ 1986లో లండన్ దగ్గర్నుంచి బయలుదేరి, మరుసటి ఏడాది సిడ్నీ చేరారు.

• మన పారిశ్రామికవేత్త విజయపత్ సింఘానియా 1988లో మైక్రోలైట్‌లో లండన్ నుంచి భారతదేశానికి ఒంటరిగా ఎగిరి వచ్చారు. పట్టిన సమయం 23 రోజులు.

• 2007లో భారత వైమానిక దళ అధికారులు రాహుల్ మోంగా, అనిల్ కుమార్ సీటీఎస్‌డబ్ల్యూ అనే మైక్రోలైట్‌లో 80 రోజుల్లో భూమిని చుట్టి వచ్చారు. అంతకుముందు రికార్డు 99 రోజులు. ఆ విమానం జర్మన్ కంపెనీది, తయారయింది ఉక్రెయిన్‌లోని ఖెర్సన్‌లో.

• బెంగళూరులో ఫ్రెంచి దేశస్థుడు జోయెల్ కోష్లాన్ స్థాపించిన రాజ్‌హంస అల్ట్రాలైట్స్ తయారు చేసిన ఎక్స్-ఎయిర్ విమానం ఫ్రాన్స్, బ్రిటన్ ఆకాశాల్లోనూ ఎగిరింది. దక్షిణ భారతంలో తయారైన అల్ట్రాలైట్ యూరప్ పైలట్ల చేతుల్లోకి వెళ్లడం మనం గర్వపడాల్సిన విషయం.

పెద్దలు వెతుక్కుంటూ వచ్చారు

2022లో సెస్నా, బీచ్‌క్రాఫ్ట్, బెల్ పేర్ల వెనకున్న అమెరికా సంస్థ టెక్స్‌ట్రాన్ పిపిస్ట్రెల్‌ను కొనుగోలు చేసింది. కంపెనీకి కట్టిన విలువ సుమారు 21.8 కోట్ల యూరోలు. చట్టం కన్నుగప్పి సాయంత్రం పూట ఎగిరిన కుర్రాళ్ల గుంపు దగ్గరికి, దశాబ్దాల అనుభవమున్న దిగ్గజం కరెంటు విమానాల విద్య కోసం వచ్చింది.

విమానయానంలో ముందున్న పెద్ద ప్రశ్న బ్యాటరీ బరువు. ఆ బరువును జయించడానికి కొత్త రసాయనాలు కావాలి, కొత్త మోటార్లు కావాలి. అంతకంటే ముందు, ఉన్న కొద్ది శక్తినీ వృథా చేయకుండా విమానాన్ని గీయగల చేతులు కావాలి. ఆ చేతులు 472.5 కిలోల హద్దులో పనిచేసి పదునెక్కినవి. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో విమానాల మీద మనసు పెట్టుకున్న పిల్లలు పెద్ద కంపెనీల ఉద్యోగాల వైపే చూడనక్కర్లేదు. ఒక షెడ్డు, కొందరు స్నేహితులు, గ్రాముల లెక్క తప్పని ఓపిక ఉంటే ప్రపంచ రికార్డుకు ఎంత దగ్గరగా పోవచ్చో ఐదోవ్‌ష్చినా ముప్పై ఏళ్లలో చూపించింది.